ప్రేమకథ చెబుతూ దైవాన్ని తలపించారు: సూఫీ ప్రేమాఖ్యానాల ఆకర్షణ ఎక్కడుంది?

ఢిల్లీలో తఖీయుద్దీన్ వాయిజ్ రబ్బానీ అనే మతబోధకుడు ఉండేవాడు. ప్రసంగవేదిక ఎక్కినప్పుడు ఆయన అప్పుడప్పుడూ హిందవీలో, అంటే అప్పటి ఉత్తరాది జనభాషలో, రాసిన ఒక కావ్యంలోని పద్యాలు చదివేవాడట. అది, ఇంట్లో భార్య ఉన్న ఒక గొల్లవీరుడు, మరొకరి భార్యగా ఉన్న రాజకుమార్తెతో లేచిపోయిన కథ. విన్నవాళ్లు వింతగా కదిలిపోయేవారు. కొందరు పండితులకు ఇది మింగుడుపడక, ఏరికోరి ఈ కావ్యమే ఎందుకని అడిగారు. ఇదంతా దైవసత్యమే, వినడానికి ఇంపుగా ఉంటుంది, ఖురాన్‌లోని కొన్ని వాక్యాల వ్యాఖ్యానాలతో సరిపోతుంది, పైగా వింటే మనసులు వశమైపోతాయి అని ఆయన జవాబిచ్చాడు. ఈ సంగతి రాసి పెట్టింది అక్బరు కాలపు చరిత్రకారుడు బదాయూనీ. మతాచారాల్లో రాజీ పడని మనిషి ఆయన. అలాంటివాడు దీన్ని తప్పుపట్టకుండా చెప్పాడంటే ఆ కావ్యానికి ఎంత గౌరవం ఉండేదో ఊహించుకోవచ్చు.

2018 జనవరిలో పద్మిని కథతో హిందీ సినిమా వచ్చినప్పుడు ఇదే కోవకు చెందిన మరో కావ్యం, ‘పద్మావత్’, పేరు దేశమంతా మారుమోగింది. పద్మిని నిజంగా ఉందా లేదా అని టీవీల్లో రోజుల తరబడి వాదించుకున్నారు. ఆ కావ్యం ఎవరికోసం రాశారు, అందులో ప్రేమకూ మతానికీ ఉన్న లంకె ఏమిటి అన్నవి మాత్రం దాదాపు ఎవరూ అడగలేదు. అసలు చిక్కు అక్కడే ఉంది కాబట్టి మొదటినుంచీ వద్దాం.

పద్యాల్లో నడిచిన నవలలు

ప్రేమాఖ్యానం అంటే ప్రేమను చెప్పే పెద్ద కథ. 14వ శతాబ్దం చివరినుంచి అవధ్, జౌన్‌పూర్ ప్రాంతాల సూఫీ కవులు అక్కడి జనభాష అవధిలో రాసిన కథాకావ్యాలకు ఈ పేరు స్థిరపడింది. సూఫీలంటే దైవాన్ని ప్రేమతో చేరాలనుకునే ముస్లిం సాధకులు. ఒక గురువును, అంటే పీర్‌ను, ఆశ్రయించి ఆయన చూపిన దారిలో నడుస్తారు.

ముఖ్యమైనవి నాలుగు. మౌలానా దావూద్ 1379లో అవధ్‌లోని డల్‌మవూలో రాసిన ‘చందాయన్’ మొదటిది. ఢిల్లీలో ఆ బోధకుడు చదివింది దీన్నే. తర్వాత కుత్‌బన్ 1503లో ‘మిరిగావతి’, మలిక్ ముహమ్మద్ జాయసీ 1540లో ‘పద్మావత్’, మంఝన్ 1545లో ‘మధుమాలతి’ రాశారు. వీటి పైచట్రం పారశీక మసనవీది. మసనవీ అంటే రెండేసి పాదాలు ప్రాస కలుపుకుంటూ సాగే సుదీర్ఘ కథ. అందుకే ఇవన్నీ అల్లాహ్ స్తుతితో మొదలవుతాయి. ప్రవక్తను, మొదటి నలుగురు ఖలీఫాలను, గురువును, పాలకుణ్ని పొగిడాకే కథలోకి వెళ్తాయి. లోపల ఉన్నదంతా ఈ నేల సరుకే. దావూద్ తీసుకున్నది అహీరులు, అంటే అక్కడి గొల్లలు, పాడుకునే లోరిక్–చందా గాథ. అయిదు జంటపాదాలు (చౌపాయీలు), ఆ వెనుక ఒక దోహా, అంటే రెండు పాదాల పద్యం, అన్నది ఆయన నడక. జాయసీ అయిదును ఏడు చేశాడు. తర్వాత 1574లో తులసీదాసు రామచరితమానసం మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్నది కూడా ఈ అవధి భాషనే, ఈ చౌపాయీ–దోహా పద్ధతినే.

రాజు జోగి అవుతాడు

వివరాలు మారినా కథ ఎముకలు ఒకటే. రాజకుమారుడు ఒక అందగత్తె గురించి వింటాడు, లేదా ఏదో అద్భుతం వల్ల క్షణకాలం చూస్తాడు. మూర్ఛపోతాడు. లేచాక రాజ్యం, తల్లి, భార్య ఏవీ పట్టవు. బొంత కప్పుకుని, భిక్షాపాత్ర పట్టుకుని, గోరఖ్‌నాథ్ సంప్రదాయపు జోగిగా బయలుదేరతాడు. ‘పద్మావత్’లో చిత్తోడు రాజు రత్నసేనుడికి దారి చూపేది హీరామన్ అనే చిలుక. సముద్రాలు దాటి సింహళం చేరి పద్మావతిని, అంటే పద్మినిని, పెళ్లాడతాడు. ఈలోగా ఇంట్లో మొదటి భార్య నాగమతి విరహంతో కుమిలి, ఆఖరికి కబురు పంపుతుంది. అతను తిరిగొస్తాడు. ఇద్దరు భార్యలతో కాపురం, చివరికి చావు. (‘మధుమాలతి’ మాత్రం సుఖాంతం.)

దీనిలో మతం ఎక్కడుంది అంటే, ప్రతి మెట్టులోనూ ఉంది. సూఫీలు ప్రేమను రెండుగా చెబుతారు. మనిషి మీద మనిషికి కలిగేది ఇష్క్-ఎ-మజాజీ. దైవం మీద కలిగేది ఇష్క్-ఎ-హకీకీ. మొదటిది రెండోదానికి మెట్టు కాగలదని వాళ్ల నమ్మకం. ‘నేను దాగి ఉన్న నిధిని, నన్ను తెలుసుకోవాలని కోరుకున్నాను, అందుకే లోకాన్ని సృష్టించాను’ అని దైవం చెప్పినట్టుగా ఒక మాటను సూఫీలు తరచూ తలుచుకుంటారు. ఆ లెక్కన సృష్టి మొత్తం ప్రేమలోంచి పుట్టిందే. అలాంటప్పుడు ఒక అందాన్ని చూసి రాజు స్పృహ తప్పడం కేవలం మోహం కాదు, ‘నేను’ అన్నది కరగడం మొదలైందన్నమాట. చిలుక గురువు, సముద్రాలు సాధనలో ఎదురయ్యే కష్టాలు. తిరుగు ప్రయాణం కూడా ముఖ్యమే. దైవాన్ని చేరినవాడు లోకాన్ని వదిలేయకుండా వెనక్కి వచ్చి రెంటినీ మోయాలి.

తెలుగువాళ్లకు శృంగారం, భక్తి కలవడం కొత్తేమీ కాదు. తిరుమల రాగిరేకుల మీద అన్నమయ్య కీర్తనలను అధ్యాత్మం, శృంగారం అని రెండు వర్గాలుగా చెక్కారు. రెండూ ఒకే స్వామికి నివేదించినవే. తేడా ఎక్కడంటే, మన మధురభక్తిలో జీవుడు నాయిక, దేవుడు నాయకుడు. ప్రేమాఖ్యానంలో ఇది తిరగబడింది. వెతికేవాడు మగవాడు, దైవసౌందర్యపు మెరుపు కనిపించేది స్త్రీలో. అలవాటైన కళ్లతో చూస్తే ‘పద్మావత్’లో భక్తి కనిపించకపోవడానికి ఇదొక కారణం అనుకుంటాను.

ఒక పాపిట దగ్గర ఆగుదాం

సిద్ధాంతం కంటే ఒక ఉదాహరణ నయం. చిలుక రత్నసేనుడికి పద్మావతిని తలనుంచి మొదలుపెట్టి వర్ణిస్తుంది. మొదట జుట్టు, తర్వాత పాపిట. ఆమెకింకా పెళ్లి కాలేదు కాబట్టి పాపిట్లో సిందూరం లేదు. అయినా అది చీకట్లో దీపంలా దారి చూపిస్తోంది అంటుంది చిలుక. గీటురాయి మీద గీసిన బంగారు గీత, మబ్బులో మెరుపు, యమున మధ్యలో కనిపించిన సరస్వతి. ఇంతవరకూ ఇంపైన పోలికలు. ఉన్నట్టుండి దృశ్యం మారిపోతుంది. ఆ పాపిట నెత్తురు నిండిన కత్తి అంచు. ఎవరో రంపం తెచ్చి జడమీద పెట్టినట్టుంది. మళ్లీ వెంటనే, పాపిట నిండా పేర్చిన ముత్యాలు యమున నడుమ గంగ పాయలా ఉన్నాయి.

రంపం ఎందుకొచ్చింది? ఆ రోజుల్లో కొందరు తపస్వులు మోక్షం కోసం పుణ్యక్షేత్రాల్లో రంపానికి తల ఒప్పగించేవారని ప్రసిద్ధి. జడకు అక్కడివాళ్లు వాడే ‘బేణీ’ అన్న మాట త్రివేణీ సంగమాన్ని కూడా తలపిస్తుంది. కవి ఇంకో అడుగు వేస్తాడు: ఆ తపస్వులు రంపం కింద నుగ్గయ్యేది, తమ నెత్తురు తీసుకుని ఆమె సిందూరంగా పెట్టుకుంటుందేమో అన్న ఆశతోనట.

ఇప్పుడు ఈ ఒక్క వర్ణనను ముగ్గురు విన్నారనుకోండి. రాజాస్థానంలో కూర్చున్న రసికుడికి ఇది పదునైన నఖశిఖ వర్ణన. ప్రయాగ యాత్రికుడికి మూడు నదులూ కళ్లముందు కదులుతాయి. సూఫీ శిష్యుడికి వెలుగుదారి, కత్తి అంచు, అహంకారం తెగిపడటం గుర్తొస్తాయి. వాళ్లలో ఎవరూ తప్పుగా వినలేదు. ఒకరి అర్థం ఇంకొకరి అర్థాన్ని కొట్టేయదు కూడా. ఈ కావ్యాల ఆకర్షణ ఇక్కడుందని నా నమ్మకం. ప్రేమకథ తొక్క, మతం గింజ అన్నట్టుగా ఇవి విడిపోవు.

ఇంకో చోట సింహళపు కోటలోకి దారి తెలియక తిరుగుతున్న రత్నసేనుడికి శివుడే ఉపాయం చెబుతాడు. ఈ కోట నీ శరీరం లాగే వంకర తిరిగి ఉంది, తొమ్మిది వాకిళ్లున్నాయి, అయిదుగురు కొత్వాళ్లు కాపలా తిరుగుతుంటారు, పదో ద్వారం రహస్యం అంటాడు. నవద్వారాలు, పంచేంద్రియాలు, బ్రహ్మరంధ్రం అని మనం వెంటనే పోల్చుకుంటాం. రాసింది జాయస్ ఊరి ముస్లిం కవి, పలికింది శివుడు, పాఠం హఠయోగం. అదే సమయంలో అది కోటలోకి దొంగచాటుగా దూరడానికి పనికొచ్చే సలహా కూడా, కథ ఆగదు.

తాళంచెవి ఇచ్చిందెవరు?

‘పద్మావత్’ చివర కొన్ని ప్రతుల్లో ఒక పద్యం ఉంటుంది. శరీరం చిత్తోడు, మనసు రాజు, హృదయం సింహళం, బుద్ధి పద్మిని, గురువు చిలుక, నాగమతి ప్రాపంచిక వ్యవహారం, పద్మిని అందం గురించి ఢిల్లీ సుల్తానుకు చెప్పిన రాఘవచేతనుడు సైతాను, ఆమె కోసం చిత్తోడు మీదికి దండెత్తిన ఆ సుల్తాను అల్లావుద్దీన్ మాయ అని వరుసగా విప్పి చెబుతుంది. హిందీ విమర్శకుడు ఆచార్య రామచంద్ర శుక్ల 1924లో వేసిన ప్రతిలో ఇది ఉంది. తరాల తరబడి విద్యార్థులు దీన్నే కావ్యసారంగా బట్టీ పట్టారు. 1950ల తొలినాళ్లలో మాతాప్రసాద్ గుప్త రాతప్రతులను పోల్చి పరిష్కరించినప్పుడు ఇది తర్వాత ఎవరో చేర్చింది అని తేల్చి, మూలంలోంచి తప్పించాడు.

దీన్ని సమర్థించేవాళ్ల మాటలోనూ బలం ఉంది. జాయసీ రాసినా రాయకపోయినా, ఆ కాలపు పాఠకుల్లో కొందరు కావ్యాన్ని అలా చదువుకున్నారు అనడానికి ఇది సాక్ష్యం. ఢిల్లీ బోధకుడి జవాబూ అటువైపే మొగ్గుతుంది. కానీ లెక్క పూర్తిగా కుదరదు. పద్మిని బుద్ధి అయితే ఆ బుద్ధి కోసం మాయ దండెత్తి రావడం ఏమిటి? అన్నిటికంటే ఇబ్బంది నాగమతితో. భర్త వెళ్లిపోయాక ఆమె నెలనెలా పడే బాధను జాయసీ బారామాసాగా, అంటే పన్నెండు నెలల పాటగా, ఆషాఢం మబ్బుల ఉరుముతో మొదలుపెట్టి చెప్పాడు. పుష్యమి నెత్తిమీదికొచ్చింది, పెనిమిటి లేడు, ఇల్లెవరు కప్పుతారు అంటుంది ఆమె. పుష్యమి కార్తెలో ముసురు పట్టడం ఎరిగిన రైతు ఇళ్ల వాళ్లకు ఆ దిగులు అర్థమవుతుంది. చిత్తోడు మహారాణి పూరింటి ఇల్లాలిలా మాట్లాడుతోంది. ఈ విరహాన్ని హిందీ సాహిత్యంలో అందరికంటే ఎక్కువ మెచ్చుకున్నది శుక్లయే. అంత గుండె పెట్టి రాసిన మనిషిని ‘ప్రాపంచిక వ్యవహారం’ అని పక్కన పెట్టేయమంటే నాకైతే మనసొప్పదు.

నిజంగా పేరుపేరునా గుర్తులు పెట్టి రాసిన రచన ఎలా ఉంటుందో చూడాలంటే గోల్కొండకు రావచ్చు. అబ్దుల్లా కుతుబ్‌షా కోరిక మీద వజహీ 1635లో దక్కనీ (దక్కన్‌లో పెరిగిన ఉర్దూ) వచనంలో ‘సబ్‌రస్’ రాశాడు. అందులో అక్ల్, అంటే బుద్ధి, ఒక రాజు. అతని కొడుకు దిల్. ఇష్క్ ఇంకో రాజు, ఆయన కూతురు హుస్న్, సౌందర్యం. నజర్, అంటే చూపు, గూఢచారి. అక్కడ తాళంచెవి పాత్రల పేర్లలోనే ఉంది. జాయసీ మనుషులకు అలాంటి పేర్లు పెట్టలేదు.

హిందీ కవి, విమర్శకుడు విజయదేవ్ నారాయణ్ సాహీ ఇంకో వైపునుంచి వచ్చాడు. 1983లో వచ్చిన పుస్తకంలో ఆయన జాయసీని ముందు కవిగా చూడమన్నాడు. సూఫీ సిద్ధాంతం అన్న చట్రంలో బిగిస్తే ఆయన విషాదదృష్టి కనబడకుండా పోతుందన్నాడు. ఆదిత్య బెహల్ లాంటి తర్వాతి పండితులు మధ్యేమార్గం పట్టారు. ఈ కవులు మన రససిద్ధాంతాన్ని తీసుకుని ‘ప్రేమరసం’ అన్నదాన్ని నిలబెట్టారు, అందులో లౌకికం, దైవికం కావాలనే కలిపి ఉంచారు అన్నది బెహల్ వాదన. నాకు ఇదే దగ్గరగా అనిపిస్తుంది.

మతప్రచారమా, మతసామరస్యమా?

ఈ రెండు మాటలూ తరచూ వినిపిస్తాయి. హిందూ కథల ముసుగులో ఇస్లాంను జనంలోకి తీసుకెళ్లారు అనేవాళ్లు కావ్యాల మొదట్లోని స్తుతులను చూపిస్తారు. ‘పద్మావత్’లో కథ ముగిసేది కూడా చిత్తోడు ఇస్లాం అయింది అన్న మాటతో. ఇది నిజమే, దాటవేయకూడదు. కానీ ఆ విజయం ఎలా వర్ణించబడిందో కూడా చూడాలి. కోట గెలిచిన అల్లావుద్దీన్‌కు దొరికింది బూడిద. గుప్పెడు తీసి గాలిలోకి చల్లి, ఈ లోకం అబద్ధం అన్నాడట. అదే కావ్యంలో అంతకుముందు ఒక మాట వస్తుంది: ప్రేమ వల్ల మనిషి వైకుంఠవాసి అయ్యాడు, లేకపోతే అతనేమిటి, పిడికెడు బూడిద. రెండు బూడిదలనూ పక్కపక్కన పెడితే కవి ఎవరిని గెలిపించాడో తెలుస్తుంది. పైగా ఈ కథల్లో మతం మార్చుకునే పాత్ర లేదు.

అలాగని వీటిని నేటి సామరస్య నినాదంగా మార్చడం కూడా తొందరపాటే. ఈ కవులకు తమ మతం మీద సందేహం లేదు. జోగి వేషం, హఠయోగం, వైకుంఠం అన్నీ చివరికి తమ దారిలో మెట్లే అన్న ధీమా ఉంది. నాథజోగులతో, అంటే గోరఖ్‌నాథ్ దారిలో నడిచేవాళ్లతో, వాళ్లకు పరిచయమూ ఉంది, పోటీ కూడా ఉంది.

వినేవాళ్లు మాత్రం ఈ లెక్కలు వేసుకోలేదు. బనారసీదాస్ అనే జైన వ్యాపారి 1641లో తన ఆత్మకథ ‘అర్ధకథానక్’ రాశాడు. ఆగ్రాలో వ్యాపారం దివాలా తీసి, బజారుకు వెళ్లడానికి కూడా ఏమీ మిగలని రోజుల్లో, రాత్రిళ్లు ఇంట్లో ‘మధుమాలతి’, ‘మిరిగావతి’ పైకి చదివేవాడట. పదీ ఇరవై మంది చేరేవారు. వాళ్లలో కచోరీలు అమ్మేవాడొకడు. అతని దగ్గర అప్పు మీద కచోరీలు తిని రోజులు నెట్టానని బనారసీదాస్ దాచకుండా చెప్పుకున్నాడు. అంతకుముందు కుర్రతనంలో తాను వెయ్యి పద్యాల శృంగార కావ్యం ఒకటి రాసి, తర్వాత పశ్చాత్తాపంతో గోమతీ నదిలో పారేసిన మనిషే ఈయన. ఉట్టి శృంగారం తప్పనిపించినవాడికి ఈ కథలు తప్పనిపించలేదు. రాసింది సూఫీ, చదివింది జైనుడు, విన్నది కచోరీల దుకాణంవాడు. ఆకర్షణకు ఇంతకంటే సాక్ష్యం నాకు తెలియదు.

చరిత్ర అనుకుని చదివితే

అల్లావుద్దీన్ ఖిల్జీ చిత్తోడును గెలిచింది 1303లో. జాయసీ రాసింది 1540లో. మధ్యలో 237 ఏళ్లు. 1303 దండయాత్రలో వెంట ఉన్న కవి అమీర్ ఖుస్రో తన రచనలో పద్మిని పేరెత్తలేదు. అందుకే చాలామంది చరిత్రకారులు ఆమెను కావ్యపాత్రగానే చూస్తారు. రాజస్థాన్ సంప్రదాయంలో మాత్రం ఆమె వంశగౌరవానికి, ఆత్మాభిమానానికి ప్రతీక. తర్వాతి శతాబ్దాల్లో అక్కడ ఇదే కథ సూఫీ అర్థాలు లేకుండా, రాజపుత్రుల పరువు కథగా మళ్లీ మళ్లీ చెప్పుకున్నారు. కథ ఒకటే, వాడుక వేరు. 2018లో తగవు పడినవాళ్లలో ఎక్కువమంది ఈ రెండో కథ గురించే మాట్లాడారు, పేరు మాత్రం మొదటిదాన్ని వాడారు.

ఆ స్త్రీల సంగతి?

నేటి పాఠకులు, ముఖ్యంగా స్త్రీలు, వేసే ప్రశ్న న్యాయమైనది. మగవాడి సాధన కోసం ఒక స్త్రీ దైవపు అద్దం కావాలి, ఇంకో స్త్రీ ఇంట్లో ఏడవాలి, చివరికి ఇద్దరూ చితి ఎక్కాలి. ‘మిరిగావతి’లో, ‘పద్మావత్’లో ముగింపు ఇదే. ఆ మంటను సూఫీ అర్థంలో అహం కాలిపోవడం, ప్రియుడిలో కలిసిపోవడం అని చెబుతారు. అర్థం అదే అయినా కాలినవి ఆడవాళ్ల ఒళ్లే. ఈ అభ్యంతరాన్ని కావ్యసౌందర్యం పేరుతో తోసిపుచ్చలేం.

ఇదే ప్రశ్న పాతకాలపు కవుల్లోనూ కొందరిని తొలిచి ఉండాలి. ఈ కథలు దక్కన్‌కు దిగివచ్చాక బీజాపూర్‌లో నుస్రతీ 1657లో మధుమాలతి ప్రేమకథను ‘గుల్షన్-ఎ-ఇష్క్’గా దక్కనీలో తిరగరాశాడు. గోల్కొండ ఆస్థానకవి గవాసీ ఎంచుకున్నది మాత్రం లోరిక్, చందా లేచిపోయాక ఇంట్లో మిగిలిన భార్య మైనాను. ఆ కావ్యం పేరు ‘మైనా సత్‌వంతీ’. అంతకుముందే సాధన్ అనే కవి అవధిలో ‘మైనాసత్’ రాశాడు. ఒక ముసలి దూతిక వచ్చి ఒక్కో నెల అందాన్ని చెప్పి, నీ యవ్వనం వృథా చేసుకోకు, ఇంకొకణ్ని చూసుకో అని ఊరిస్తుంది. మైనా నెలనెలా దానికి జవాబు చెబుతుంది. ‘పద్మావత్’లో నాగమతి ఒంటరిగా పాడిన పన్నెండు నెలల పాట ఇక్కడ వాదనగా మారింది, ఆ వాదనలో గెలిచింది మైనాయే.